నడుమ మనిషి

జనగామ,
21 జనవరి 2025.

మా ఉమకు, పొద్దటి దీపం కొండెక్కక ముందే కూర్చుని మీ వదిన రుక్మిణి రాస్తున్నది.

నిన్న పూజ ముగించి లేస్తుంటే నా చిన్న ఫోన్ మోగింది. ఎత్తాను. ఎవరో ఆడపిల్ల. టీవీలో వార్తలు చదివేవాళ్లలా సన్నగా, శుభ్రంగా మాట్లాడింది. "వదినా, బాగున్నారా? నేను ఉమని మాట్లాడుతున్నాను" అంది. నీ గొంతు నాకు తెలియదా? నువ్వు మాట్లాడితే మీ పిండి గిర్ని మోతకే పోటీ. పైగా నాలుగేళ్లుగా నీకు ఫోన్‌లో ఒక్క ముక్క వినపడదు. ఇదేదో ఫోన్ దొంగల పని, కాసేపట్లో బ్యాంకు నంబరు అడుగుతారనుకుని "శివ శివా" అని పెట్టేశాను. పెట్టేశాక ఇంకో భయం పట్టుకుంది. నీకేమైనా అయి, ఎవరైనా నీ పేరుతో చేశారేమోనని. మళ్లీ దేవుడి ముందు కూర్చుని ఇంకో వత్తి వేశాను. ఆ పిల్ల ఎవరో, నీ పేరు ఎందుకు పెట్టుకుందో తెలిస్తే రాయి.

ఇంకో సంగతి ఉంది. నీకు చెప్పవద్దని ఆజ్ఞ. కానీ నీ దగ్గర దాచితే నాకు అన్నం సహించదు. మీ అన్న నిన్ను జనగామ తెచ్చేయాలని గట్టిగా అనుకున్నాడు. మీ రేగొండ పక్కన కొడవటంచ జాతర కాగానే మా వాడ కిషన్ వ్యాను మాట్లాడుకుని వస్తాడట. నీ కోసం ముందు గదికి సున్నం వేయించాడు. గిర్ని ఎవరికో కిరాయికి ఇస్తాడట. "ఒక్కతి ఉంటది, ఫోన్ చేస్తె ఎత్తది, ఏమన్నయితె మనకెట్ల తెలుస్తది?" అంటాడు. నిరుడు వానాకాలంలో నీకు జ్వరం వచ్చినప్పుడు పొద్దటి నుంచి ఫోన్ చేసి చేసి, సాయంత్రం బస్సెక్కి నీ దగ్గరికి వచ్చాడు గుర్తుందా? ఆ రోజు నుంచి ఇదే మాట.

నువ్వొస్తే నాకు తోడే. కానీ నిన్నొక మాట అడగకుండా గదికి సున్నం వేయించడం నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఎప్పటిలాగే మెల్లగా అన్నాను కాబోలు, జవాబు రాలేదు.

మీ వదిన,
రుక్మిణి


రేగొండ,
27 జనవరి 2025.

వదినా,

నీ ఉత్తరం గిర్నిలోనే చదివాను. నవ్వేసరికి కారం గొంతులోకి పోయి, గంపతో ఎదురుగా నిలబడ్డ మా ఊరి నర్సమ్మ నా వీపు చరిచింది. దొంగ కాదు, దయ్యం కాదు. అది నేనే.

భూపాలపల్లిలో చెవుల పరీక్షల శిబిరం పెడితే వెళ్లాను. చెవి మిషన్ ఇచ్చారు గానీ, పెట్టుకుంటే మోత పెరుగుతుంది తప్ప మాట తెలియదు. అక్కడే ఒక సంస్థ వాళ్లు నా ఫోన్‌లో కొత్త ఏర్పాటు ఒకటి చేసి ఇచ్చారు. నేను ఫోన్‌లో అక్షరాలు కొడతాను. హైదరాబాదులో ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. ఆమె నీకు ఫోన్ చేసి, నేను కొట్టింది నీకు చదివి వినిపిస్తుంది. నువ్వు నోటితో చెప్పింది విని, అక్కడ టైపు చేస్తుంది. అది నా ఫోన్ మీద పడుతుంది, నేను చదువుకుంటాను. తన మాట ఒక్కటి కలపదు, మన మాట ఒక్కటి మింగదు. నేను 'నేను' అని కొడితే తనూ 'నేను' అనే చెబుతుంది. అందుకే నీతో 'నేను ఉమని' అంది. ఆ పిల్ల పేరు చంద్రి. మహబూబాబాద్ దగ్గర తండా వాళ్లమ్మాయని సంస్థ వాళ్లు చెప్పారు. దేవుడి దగ్గర రెండో వత్తి వేశావు కదా, దాని పుణ్యం ఆమె ఖాతాలో వెయ్యి.

మెసేజ్ పెడితే సరిపోదా అంటావేమో. నీది బటన్ల ఫోన్. మా అన్నది పెద్ద ఫోనే, కానీ దాంట్లో అక్షరాల వైపు చూడడు. మాటంటే నోటితోనే అంటాడు.

ఇక సున్నం సంగతి. నేను రాను వదినా. మా ఆయన దుర్గయ్య పోయిన తర్వాత ఈ గిర్ని నేనే నడుపుతున్నానని నీకు తెలుసు. నీకు తెలియంది ఒకటి చెబుతాను. గిర్ని తిరిగేటప్పుడు ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎన్ని కిలోలో వేళ్లతో చూపిస్తారు. మెత్తగా కావాలంటే బొటనవేలు చూపుడు వేలి మీద రాస్తారు, బరకగా కావాలంటే పిడికిలి పడతారు. తొందరుంటే చంకలో పిల్లను ఊపి చూపిస్తారు. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేను ఇక్కడే నేర్చుకున్నాను. నా చెవులు పోయిన సంగతి ఇక్కడికి వచ్చే ఆడవాళ్లకు చాలా కాలం తెలియనే లేదు. రేగొండలో నేను గిర్ని ఉమారాణిని. జనగామలో మీ ముందు గదిలో కూర్చుంటే చెవిటి ఆడబిడ్డను. అంతే తేడా, కానీ అదే నా బతుకు.

అన్న చేతిలో ఉన్న కారణం ఒక్కటే, ఫోన్. నేను ఫోన్‌లో మాట్లాడగలనని చూపిస్తే అది కూడా ఉండదు. కాబట్టి ఆదివారం పొద్దున ఫోన్ మోగితే శివుణ్ణి పిలవకుండా ఎత్తు. ముందు నువ్వు అలవాటు పడు, తర్వాత ఆయనకు చేస్తాను. ఒక్క జాగ్రత్త, నడుమ ఆ పిల్ల ఉంటుంది. ఇంటి గుట్టు మాత్రం ఉత్తరంలోనే రాయి.

నీ ఆడబిడ్డ,
ఉమ


జనగామ,
3 ఫిబ్రవరి 2025.

ఉమా,

నిన్న మనం మాట్లాడుకున్నామా, మాట్లాడుకోలేదా? నాకు ఇంకా తేలలేదు.

ఆ పిల్ల మొదటే "అమ్మా, మీరన్న ప్రతి మాటా టైపు చేస్తాను. నేను మధ్యలో లేనట్టే అనుకోండి" అంది. లేనట్టు ఎలా అనుకుంటాను? పాపం, ఆదివారం పూట పొద్దున్నే పనికి వచ్చి కూర్చుంది. "తిన్నవా బిడ్డా?" అని అడిగాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "తిన్నాను వదినా, జొన్నరొట్టె, పచ్చిపులుసు" అంది. వదిన అంటుందేమిటి, చనువున్న పిల్లే అనుకున్నాను. "పెండ్లయిందా?" అని అడిగాను. మళ్లీ కాసేపాగి, "అదేంటి వదినా, నా పెళ్లికి మీరే కదా పసుపు దంచింది" అంది. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు, జవాబులు నీవని. సిగ్గుతో ఫోన్ జారింది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నన్ను 'మీరు' అన్నావెందుకు? ఈ ముప్పై ఏళ్లలో కోపమొచ్చినప్పుడు కూడా నువ్వు నన్ను 'నువ్వు' అనే తిట్టావు. 'మీరు ఎలా ఉన్నారు, మీరు ఏం వండారు' అంటుంటే పరాయి ఇంటికి వచ్చి చాప అంచున కూర్చున్నట్టనిపించింది.

నా తర్వాత మీ అన్నకు చేశావు కదా, ఎదురుగా ఉండి చూశాను. ఎత్తి "ఆఁ?" అన్నాడు. మళ్లీ "ఆఁ?" అన్నాడు. పెట్టేశాడు. ఎవరని అడిగితే పలకలేదు. ఈ మధ్య నాతోనూ అంతే. నేను చెబుతూనే ఉంటాను, మధ్యలో లేచి వెళ్లిపోతాడు. టీవీ మాత్రం వాడంతా వినేటట్టు పెడతాడు. ఊళ్లో వాళ్ల పంచాయితీలన్నీ తీర్చే పెద్దమనిషి, ఇంట్లో మనిషితో మాట లేదు. నీ వైపు మాట్లాడానని కోపమో, ఇన్నేళ్లకు నా మాటలు విసుగొచ్చాయో. మొక్కుకున్న సోమవారాల ఉపవాసాలకు ఇంకో సోమవారం కలిపాను.

రుక్మిణి


రేగొండ,
10 ఫిబ్రవరి 2025.

వదినా,

ముందు 'మీరు' సంగతి. నేను కొట్టింది 'నువ్వు' అనే. పెద్దవాళ్లను 'నువ్వు' అనడానికి ఆ పిల్లకు నోరు రాదట. మాట మింగదు, కలపదు అని గొప్పగా రాశాను గానీ, ఆ ఒక్క మర్యాద మాత్రం తన సొంతం. నాకు నీ మీద మర్యాద ఎప్పుడూ లేదు, ఇకముందూ ఉండదు. నిశ్చింతగా ఉండు.

రెండోది. నా ఫోన్ మీద నీ మాటలు ఎలా పడ్డాయో తెలుసా? 'సరిగా వినబడలేదు'. దాని కింద 'అమ్మ మెల్లగా మాట్లాడుతున్నారు, వినబడలేదు'. దాని కింద మళ్లీ అదే. చెవులు బంగారంలా ఉన్న పిల్లకే నీ మాట వినపడలేదంటే, ఇన్నాళ్లూ తప్పంతా నా చెవులదేనని నేను ఒప్పుకోవడం అన్యాయం.

నవ్వించే మాటలు ఇంతటితో అయిపోయాయి. ఒకటి మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉంది. చివర్లో నేను 'ఒకవేళ జనగామ రావలసి వస్తే నన్ను భరించగలవా వదినా?' అని సరదాకు కొట్టాను. దాని కిందనే నీ జవాబు వచ్చింది. "నాతోని కాదు తల్లీ గిది. ఎవరన్న వేరేటోళ్లు చూసుకుంటె బాగుండు."

తప్పు పట్టడం లేదు. చెవిటిదానితో రోజంతా గడపడం కష్టమే. కానీ ఆ మాట నాకు ఉత్తరంలో రాయాల్సింది, చంద్రి చేత చెప్పించకుండా. అన్న నా ఫోన్ పెట్టేశాడని రాశావు. ఆయనకు నేను ఫోన్‌లో పనికిరాను, నీకు ఇంట్లో పనికిరాను. మరి ఆ సున్నం ఎవరి కోసం వేశారో!

ఉమ


జనగామ,
15 ఫిబ్రవరి 2025.

ఉమా, నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన పూట ముద్ద దిగలేదు. పాలకుర్తి సోమన్న మీద ఒట్టు, ఆ మాట నీ గురించి కాదు. ఫోన్ గురించి. ఆ పిల్ల "అమ్మా, వినబడటం లేదు, స్పీకరు నొక్కండి" అంది. ఏది నొక్కినా ఏదో ఒకటి కుయ్యిమంటుంది. అప్పుడు విసిగి, నాతోని కాదు, వేరేటోళ్లు ఎవరన్న ఈ ఫోన్ చూసుకుంటె బాగుండునని ఆ పిల్లతో అన్నాను. నువ్వు అడిగిన ప్రశ్న అప్పటికి నా దాకా రానేలేదు. అది వచ్చాక "అదేం మాట ఉమా" అన్నాను. అది నీకు 'వినబడలేదు' అని పడి ఉంటుంది.

నిన్ను భరించడం గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను వండిన పప్పులో ఉప్పు లేదని ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు చెప్పింది నువ్వే. తర్వాత ఎవరూ చూడకుండా ఉప్పు తెచ్చి వేసింది కూడా నువ్వే. భరించడం నాకు అప్పుడే అలవాటైంది.

నువ్వు గిర్ని గురించి రాసింది మళ్లీ మళ్లీ చదివాను. ఆ సంగతి మీ అన్న నీ నుంచే వినాలి. నేను చెబితే గాలికి పోతుంది. శివరాత్రి నాడు ఆయన ఎవరి మాటా కాదనడు, చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు పొద్దున నా ఫోన్‌కే చెయ్యి. ఆయన చేతికిచ్చి, గుడికి పోతాను. పంచాయితీ మాటలు నా ఎదుట మాట్లాడడు కదా, నేను లేకుంటేనే నయం.

ఆయన నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. నేను కూడా మాటలు తగ్గించాను.

మీ వదిన,
రుక్మిణి


రేగొండ,
28 ఫిబ్రవరి 2025.

వదినా,

ఫోన్ గురించి అన్న మాటకు నేను అలిగి అంత ఉత్తరం రాశాను. క్షమించు. ఉప్పు సంగతి మరిచిపోలేదన్నమాట.

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. చదివాక ఎవరికీ చూపించకు.

శివరాత్రి నాడు నువ్వు గుడికి వెళ్లగానే అన్నతో మాట్లాడాను. నా ఫోన్ మీద పడ్డది పడ్డట్టు రాస్తున్నాను. చంద్రి ఎప్పటిలాగే, మీరన్న ప్రతి మాటా టైపు చేస్తానని మొదటే చెప్పిందట. దానికి అన్న, "ఆఁ? జర గట్టిగ బిడ్డా. ఆఁ, సరె సరె" అన్నాడు. తర్వాత, "చెల్లెకు చెప్పు, జాతర కాంగనె బండి పట్టుకొని వస్తున్న. సామాను కట్టుకొమ్మను" అన్నాడు.

నేను 'రాను అన్నా. ఎందుకు రావాల్నో చెప్పు' అని కొట్టాను.

అప్పుడు చూడు వదినా, మన పెద్దమనిషి చేసిన పని.

"రానంటున్నదా? చూడు బిడ్డా, నువ్వు నడుమ మనిషివి. నేను గూడ నడుమ మనిషినే, ఎన్నో ఏండ్ల సంది పంచాయితీలు జేస్తున్న. నడుమ మనిషి అటు మాటలన్ని ఇటియ్యడు, ఇటు మాటలన్ని అటియ్యడు. ఏది చెప్పాల్నో గదే చెప్తడు. ఆమెకు గిట్ల చెప్పు: ఒక్కదానివి ఉండుడు మంచిగ లేదు, నలుగురు ఏమనుకుంటరు, గంతె. అసలు ముచ్చట నీకు చెప్త, ఆమెకు చెప్పకు."

నా ఫోన్ మీద ఆయన మాట ఇంకా పడుతూనే ఉంది.

"నాక్కూడ చెవులు పోతున్నయి బిడ్డా. మా అవ్వకు పోయినయి, చెల్లెకు పోయినయి, ఇగ నా వంతు. ఎడమది పూరాగ పోయింది. మొన్న గీ ఫోనొస్తె నీ సన్న గొంతు అందక కట్ జేసిన. పంచాయితిల కూసుంటె ఎవడేమంటున్నడో సమజైతలేదు, మూతులు చూసుకుంట తల ఊపుతున్న. మొన్న తప్పు జేసినోని దిక్కే తల ఊపిన్నట. గిది బయటపడితె నన్నెవరు పిలుస్తరు? ఇంట్ల మా ఆమె మాట్లాడుతది, పెదాలు కదులుతయి, అంతే. ఆమెకు చెప్తె దేవుళ్లకు మొక్కుకుంట పరేషానైతది. చెల్లె ఇంట్ల ఉంటె, ఆమె ఎట్ల బతుకుతున్నదో చూసుకుంట నేర్చుకుంట. పెద్దోన్ని, నోరు తెరిచి అడుగుతనా? గిది మనిద్దరి నడుమనే ఉంచు."

చంద్రి తన పని తను చేసింది. అన్నీ విన్నది, అన్నీ కొట్టింది. ప్రతి మాటా టైపు చేస్తానన్న షరతు ఆయన వినలేదని ఆ పిల్లకేం తెలుసు?

ఏదో కొట్టి చెరిపేసి, 'సరే అన్నా' అని కొట్టి పెట్టేశాను. పెట్టేశాక తట్టింది, నేను రావడానికి ఒప్పుకున్నానని ఆయన అనుకుంటాడని.

వదినా, ఆయనకు నీ మీద కోపం లేదు. విసుగూ లేదు. నీ మాట అందడం లేదు. నువ్వు తెలిసినట్టు బయటపడకు. దేవుళ్లకు మొక్కుకుంటే మొక్కుకో, ఆయన ఎదుట మాత్రం వద్దు.

ఉమ


జనగామ,
6 మార్చి 2025.

ఉమా,

నువ్వు రాసింది నమ్మలేక, పాపమని తెలిసి కూడా ఒక పని చేశాను. పొద్దున హారతి ఇచ్చేటప్పుడు ఆయన వసారాలో కుర్చీలో, దేవుడి గదికి వీపు పెట్టి పేపరు చదువుతున్నాడు. గంట కొట్టాను. కదల్లేదు. దగ్గరికి వెళ్లి కొట్టాను. ఎడమ చెవి పక్కన నిలబడి కొట్టాను. పేపరు తిప్పాడు.

ముందుకు వచ్చి పళ్లెం చూపించాను. ఉలిక్కిపడి, హారతి కళ్లకద్దుకుని, "జర గంట కొట్టరాదు? లేచి వస్తుంటి గద" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఏడుస్తూ ఉంటే నవ్వొచ్చింది. నా మీద కోపమని నేను మాటలు తగ్గించాను. పెదాలు కూడా కదలడం మానేశాయి కదా, ఆయన నాకు కోపమొచ్చిందనుకుని ఉంటాడు. ఇద్దరం ఒకరి కోపానికి ఒకరం భయపడి ఇన్ని నెలలు గడిపాం. ఇప్పుడు ఆయన కుడివైపు కూర్చుంటున్నాను. ముఖానికి ఎదురుగా ఉండి మాట్లాడుతున్నాను. "ఏంది, గిట్ల మీదికొస్తున్నవ్?" అంటున్నాడు. ఈ వయసులో సిగ్గుగా కూడా ఉంది.

నువ్వు 'సరే' అన్నావు కదా, ఆ సంబరం చూడాలి. ముందు గదికి కొత్త ఫ్యాను తెచ్చాడు. ఎదురింటి ఆయనతో "మా చెల్లె వస్తున్నది" అని వాడంతా వినపడేటట్టు చెప్పాడు. పదిహేడో తారీఖు పొద్దున వ్యాను బయలుదేరుతుంది.

నేను నీ పక్షం అని రాసిన మాట నిజం. అయినా రాసేస్తాను. రావా ఉమా? ఆయన నేర్చుకునేదాకా అయినా? గిర్ని నీ బతుకు అన్నావు. అది తెలిసి కూడా అడుగుతున్నాను.

రుక్మిణి


రేగొండ,
11 మార్చి 2025.

వదినా,

ఉత్తరం చదివి గిర్ని ఆపాను. కారం సీజన్లో మధ్యాహ్నం గిర్ని ఆగిందంటే నాకేమైందోనని నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

పెట్టె దించాను. చీరలు సర్దాను. మళ్లీ తీశాను. మళ్లీ సర్దాను. సర్దితే ఉండాలనిపిస్తుంది, తీస్తే రావాలనిపిస్తుంది.

అన్న నోటితో అడిగి ఉంటే అప్పుడే బస్సెక్కేదాన్ని. ఆయన అడగడు, బండి తెస్తాడు. నీకు జవాబు రాయడానికి నాకు చేయి రావడం లేదు. రానీ ఆయన్ని.

ఉమ


జనగామ,
16 మార్చి 2025.

ఉమా,

ఇది కార్డు. నీకు చేరేసరికి ఆయన అక్కడికి వచ్చి, తిరిగి కూడా వచ్చేస్తాడని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను. నేను అడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. దేవుడి ముందు కూర్చుంటే అర్థమైంది, ఆయనకు తోడు కోసం నీ గిర్ని నేను లాక్కుంటున్నాను. నీకు ఎలా మంచిదనిపిస్తే అలా చెయ్యి. బండిలో నువ్వు, నీ సామాను లేకపోయినా గుమ్మంలో నేను నవ్వుతూనే ఉంటాను.

ఆయనకు ఎడమ వైపు నిలబడి మాట్లాడకు.

రుక్మిణి


రేగొండ,
19 మార్చి 2025.

వదినా,

నీ కార్డు ఇవాళ వచ్చింది. కిషన్ వ్యాను మొన్న రాత్రికే నీ దగ్గరికి చేరి ఉంటుంది. అందులో మీ ఆయన లేడు, నేనూ లేను, ఒక కారం డబ్బా మాత్రం దిగింది. గుమ్మంలో నవ్వుతూ ఉంటానన్నావు కదా, నవ్వావా లేదా రాయి.

ఏం జరిగిందో వరసగా చెబుతాను.

మొన్న వాళ్లు వచ్చేసరికి గిర్ని నిండా జనం. జాతర అయిపోయింది, మిరపకాయలు ఎండాయి, ఊరంతా నా దగ్గరే ఉంది. పెట్టె సర్ది గడప పక్కనే ఉంచాను. అన్న లోపలికి వచ్చి ఏదో గట్టిగా అన్నాడు. ఒక్కరూ తల తిప్పలేదు. తను అరిస్తే తల తిప్పని మనుషులను ఆయన పుట్టి బుద్ధెరిగి చూసి ఉండడు. మళ్లీ అరిచాడు. నర్సమ్మ వెనక్కి చూసి, చెవి దగ్గర చెయ్యి ఊపి, వరసలో నిలబడమని వేలుతో చూపించింది. మా అన్న, ఉపేందర్ పెద్దమనిషి, నర్సమ్మ వెనకాల వరసలో నిలబడ్డాడు వదినా! నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

నిలబడ్డవాడు చూడటం మొదలుపెట్టాడు. మూడు వేళ్లు, ఐదు వేళ్లు. బొటనవేలు, పిడికిలి. ఒకామె ముందు నేనని గంప జరిపింది, ఇంకొకామె నడుము మీద చెయ్యి పెట్టింది. అన్నకు అక్కడ చెవులతో పని పడలేదు. మధ్యలోకి వెళ్లి, ఒకామె గంప చిన్నదని, రెండో ఆమెది పెద్దదని చేతులతో చూపించి, చిన్నదాన్ని ముందుకు జరిపాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన ముఖం చూడాలి, ఎన్ని నెలల తర్వాత ఒక పంచాయితీ మొత్తం అర్థమైందో. కండువా ముక్కుకు కట్టుకుని తూకం దగ్గర కూర్చున్నాడు. అక్కడి నుంచి లేవలేదు.

కాసేపటికి నా పక్కకు వచ్చాడు. గిర్ని తిరుగుతూనే ఉంది, చుట్టూ జనం. మెడ నరాలు ఉబ్బేటట్టు, పూర్తి గొంతుతో అన్నాడు. "చెల్లే, నాకు చెవులు పోతున్నయే. భయమైతున్నదే. ఎట్ల బతకాలె?"

ఒక్కరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. పెదాలు చూసి పట్టుకున్నాను.

నాకు తెలుసునని చెప్పలేదు. కారంతో ఎర్రబడ్డ చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని, "నాగ్గూడ అయింది అన్నా. మస్తు రోజులయింది. ఇప్పుడైతలేదు" అన్నాను. ఆయన నా పెదాల వైపే చూశాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి నెమ్మదిగా చెప్పాను. అందింది. తల ఊపాడు. ఈసారి ఊరికే ఊపలేదు.

కిషన్ ముక్కు మూసుకుని వచ్చి సామాను ఏదని అడిగాడు. నేను పెట్టె వైపు చూశాను. అన్న కూడా చూశాడు. వెళ్లి ఆ పెట్టె ఎత్తుకొచ్చి లోపలి గదిలో పెట్టి వచ్చాడు. కిషన్ వైపు తిరిగి ఉత్త చేతులు తిప్పి చూపించాడు. ఏమీ లేదు, పో అని.

ఇక్కడ వంటా తిండీ బాగానే జరుగుతున్నాయి. ఉప్పు నేనే వేస్తున్నాను. పై వారం హనుమకొండలో చెవుల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం, ఆయనే అడిగాడు. ఊళ్లోవాళ్లకు చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికి వదిలేశాను. నీకు మాత్రం తానే చెబుతాడట. ఎదురుగా కూర్చుని చెబుతాడట. అప్పుడు మొదటిసారి విన్నట్టు ముఖం పెట్టు, నవ్వకు.

ఇంకో ముచ్చట. నిన్న అన్నం తింటూ, చంద్రి మంచి పిల్ల అన్నాడు. ఎందుకు అన్నా అని అడిగితే, "ఒక మాట చెప్పి నడుమనే ఉంచుమన్న. ఉంచింది. నడుమ మనిషంటె గట్లుండాలె" అన్నాడు. నేను తల వంచుకుని చారు పోసుకున్నాను. తల ఎత్తనంతసేపు నా పెదాలు ఆయనకు కనపడవు కదా, కడుపు నిండా నవ్వుకున్నాను.

ముందు గది సున్నం, కొత్త ఫ్యాను ఊరికే పోతున్నాయని బాధపడకు. నీ మొక్కుల పుస్తకాలు, దేవుడి పటాలు అక్కడ పెట్టుకో. కారం సీజన్ అయ్యేదాకా మీ ఆయన్ని నేను పంపను. కావాలంటే ఈసారి వ్యాను నువ్వు మాట్లాడుకుని రా. నేను తలుపు దగ్గరే ఉంటాను. ఎంత పిలిచినా పలకకపోతే కోపం తెచ్చుకోకు, లోపలికి వచ్చి వరసలో నిలబడు.

నీ ఆడబిడ్డ,
గిర్ని ఉమారాణి